నిచ్చెన ఎందుకు జారింది? సమతాస్థితిలో ఉన్న వస్తువు మీద బలాల లెక్క

పోయిన ఎపిసోడ్‌లో కదిలే వస్తువుల గురించి చెప్పుకున్నాం. ఈరోజు కదలని వస్తువుల గురించి మాట్లాడుకుందాం. ఈ మాట క్లాసులో చెప్పగానే వెనక బెంచీ నుంచి ఒక కుర్రాడు, "కదలనిదాంట్లో లెక్కేముంటుంది సార్, ఊరికే పడి ఉంటుంది కదా" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఊరికే పడి ఉండటం అంత తేలికైన పనేం కాదండి. ఆ సంగతి నేను పుస్తకంలో చదివి కాదు, మా ఇంటి పెరట్లో నేర్చుకున్నాను. ముందు అది చెప్పి, తర్వాత బోర్డు దగ్గరికి వెళ్తాను.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉన్నప్పటి మాట. సంక్రాంతికి ఇంకా వారం ఉంది. ఇంటికి సున్నం వేస్తున్నాం. మనుషుల్ని పెట్టుకునే స్తోమత లేదు కాబట్టి నాన్న, నేను కలిసి మొదలుపెట్టాం. పెరటి గోడ ఎత్తుగా ఉంటుంది. పక్కింటివాళ్ళ వెదురు నిచ్చెన అడిగి తెచ్చాం. గోడ వారన నీళ్ళ తొట్టి, దాని ముందు కట్టెల మోపు ఉన్నాయి. అవి తీయడం బద్ధకమై నిచ్చెన కాలు వాటికి ఇవతలగా, గోడకి బాగా దూరంగా పెట్టాం. కింద నాపరాళ్ళ పరుపు.

నాన్న, "ఒరేయ్, కాస్త పట్టుకో" అని ఎక్కారు. ఒకటి, రెండు, మూడు... ఐదో మెట్టు మీద ఆగి, నిచ్చెనని అటూ ఇటూ ఊపి చూశారు. కదల్లేదు. "గట్టిగానే ఉందిలే, నువ్వెళ్ళి ఆ పెద్ద కుంచె పట్రా" అన్నారు. నేను వదిలేసి వెళ్ళాను. వరండా దాకా వెళ్ళానో లేదో వెనక పెద్ద చప్పుడు.

తుంటి ఎముక విరిగింది. మూడు నెలలు మంచం మీద ఉన్నారు. ఇప్పటికీ ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తారు. నన్ను ఒక్క మాట అనలేదు. "నేనే కదరా వెళ్ళమన్నాను" అంటారు.

నన్ను తినేసిన విషయం ఇంకొకటి ఉంది. ఆ ముందు నెలలోనే పరీక్షలో నిచ్చెన లెక్క వచ్చింది. గోడకి ఆనించిన నిచ్చెన, దాని మీద మనిషి, ఎంత ఎత్తు దాకా ఎక్కగలడు అని. నేను దానికి పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. లెక్క చేతిలో ఉంది, నిచ్చెన కూడా చేతిలోనే ఉంది. రెండూ ఒకటే అని మాత్రం తట్టలేదు. అందుకని ఈరోజు ఆ లెక్క మీ అందరికీ తట్టేట్టు చెప్పాలని ప్రయత్నం.

సరే, మొదలుపెడదాం.

సమతాస్థితి అంటే ఏమిటి?

ఒక వస్తువు మీద పనిచేసే బలాలన్నీ కలిపితే సున్నా రావాలి. అది మొదటి షరతు. బల్ల మీద పుస్తకం ఉంది. భూమి కిందకి లాగుతోంది, బల్ల పైకి తోస్తోంది. రెండూ సమానం, కాబట్టి పుస్తకం కదలదు. ఇక్కడ ఒకటి గమనించాలి. "బలం లేదు" అనడం వేరు, "మొత్తం బలం సున్నా" అనడం వేరు. తాడు లాగుడు పోటీలో రెండు జట్లూ సమానంగా లాగుతుంటే తాడు కదలదు. అంతమాత్రాన తాడు మీద బలం లేదంటామా? చేతులు బొబ్బలెక్కుతుంటే!

ఇంకో చిన్న మాట. సమతాస్థితి అంటే కదలకుండా ఉండటమే కానక్కర్లేదు. తిన్నగా ఒకే వేగంతో పోయే రైలు మీద కూడా మొత్తం బలం సున్నాయే. న్యూటన్ 1687లో అచ్చువేసిన ప్రిన్సిపియాలో మొదటి నియమం చెప్పేది ఇదే. కానీ ఈరోజు మనం నిశ్చలంగా ఉన్నవాటికే పరిమితం అవుదాం.

ఇక రెండో షరతు. బలాలు కలిపితే సున్నా వచ్చినా వస్తువు తిరగొచ్చు. కారు స్టీరింగు కుడివైపు చేత్తో పైకి, ఎడమవైపు చేత్తో కిందకి సమానంగా తోయండి. మొత్తం బలం సున్నా. కానీ స్టీరింగు తిరిగిందా లేదా? తిరిగింది. కాబట్టి తిప్పే శక్తి కూడా సున్నా అవ్వాలి. దీన్నే పుస్తకాల్లో బల భ్రామకం అంటారు. మనం తేలిగ్గా "తిప్పుడు" అనుకుందాం.

ఈ రెండు షరతులే మొత్తం సబ్జెక్టు. మిగతాదంతా జాగ్రత్తగా రాసుకోవడం.

ఎలా రాసుకోవాలి?

మూడు మెట్లు. ఒకటి, మీకు కావలసిన వస్తువుని ఒక్కదాన్నే బొమ్మ వేయండి. గోడ, నేల, తాడు అన్నీ తీసేయండి. రెండు, తీసేసిన ప్రతిదానికి బదులు అది ఈ వస్తువుని ఎటు తోస్తోందో, ఎటు లాగుతోందో ఒక బాణం గీయండి. దీన్నే స్వేచ్ఛా వస్తు పటం అంటారు. మూడు, రెండు షరతులు రాసి లెక్క చేయండి.

పిల్లలు ఎక్కువగా తప్పు చేసేది రెండో మెట్టులో. వస్తువు మీద పడే బలాలు వేయమంటే, వస్తువు ఇతరుల మీద వేసే బలాలు కూడా కలిపేస్తారు. పుస్తకం బల్లని కిందకి నొక్కుతోంది, నిజమే. కానీ అది బల్ల బొమ్మలోకి వెళ్ళాలి, పుస్తకం బొమ్మలోకి కాదు. మీ అప్పు మీ ఖాతాలో రాయాలి, పక్కవాడి అప్పు పక్కవాడి ఖాతాలో రాయాలి.

మొదటి ఉదాహరణ: దండెం

(బోర్డు మీద బొమ్మ గీస్తూ) ఇది బట్టలారేసే దండెం. రెండు మేకుల మధ్య దూరం 4 మీటర్లు. సరిగ్గా మధ్యలో తడి దుప్పటి మడత పెట్టి వేశాం. బరువు 5 కేజీలు అనుకుందాం. కేజీకి 9.8 న్యూటన్లు. లెక్క సులువుగా ఉండాలని నేను 10 వేసుకుంటాను. అంటే 50 న్యూటన్లు కిందకి.

ఇప్పుడు దుప్పటి ఉన్న బిందువుని ఒక్కదాన్నే చూడండి. దాని మీద మూడు బలాలు. కిందకి 50. ఎడమవైపు తాడు ఏటవాలుగా పైకి లాగుతోంది, కుడివైపు తాడు కూడా అంతే. తాడు లాగే ఈ బలాన్ని తన్యత అంటారు. మధ్యలో ఉంది కాబట్టి రెండు తన్యతలూ సమానం.

ఏటవాలు బలాన్ని రెండు ముక్కలు చేయాలి. అడ్డంగా ఒక ముక్క, నిలువుగా ఒక ముక్క. అడ్డం ముక్కలు ఒకటి ఎడమకి, ఒకటి కుడికి, రెండూ కొట్టుకుపోతాయి. దుప్పటిని మోసేది నిలువు ముక్కలే. అంటే ఒక్కో వైపు నిలువు ముక్క 25 న్యూటన్లు ఉండాలి.

దండెం మధ్యలో 1 మీటరు కిందకి జారి ఉందనుకోండి. అడ్డంగా 2 మీటర్లు, నిలువుగా 1 మీటరు. తాడు పొడవు పైథాగరస్ ప్రకారం 5కి వర్గమూలం, అంటే సుమారు 2.24. నిలువు ముక్కకీ మొత్తం తన్యతకీ నిష్పత్తి, 1కీ 2.24కీ ఉన్న నిష్పత్తే. కాబట్టి తన్యత 25 × 2.24 = 56 న్యూటన్లు. పర్వాలేదు.

ఇప్పుడు ఇంట్లో అమ్మ, "దండెం వేలాడుతోంది, చీరలు నేలకి తగులుతున్నాయి, బిగించి కట్టరా" అంటుంది. మనం కండబలమంతా చూపించి బిగించి కడతాం. దుప్పటి వేశాక మధ్యలో 10 సెంటీమీటర్లే జారింది. ఇప్పుడు అడ్డం 2 మీటర్లు, నిలువు 0.1 మీటరు. తాడు పొడవు ఇంచుమించు 2 మీటర్లే. తన్యత 25 × 20 = 500 న్యూటన్లు! 5 కేజీల దుప్పటి వేస్తే మేకు మీద 50 కేజీల లాగుడు. 5 సెంటీమీటర్లే జారేట్టు కడితే 1000 న్యూటన్లు, అంటే 100 కేజీలు. మేకు ఊడి రాక ఏం చేస్తుంది?

మరి అసలు వంగకుండా తిన్నగా కడితే? తిన్నగా ఉన్న తాడుకి నిలువు ముక్కే ఉండదు. ఇక దుప్పటిని మోసేదెవరు? కాబట్టి ఎంత లాగినా, బరువు వేలాడుతున్న దండెం పూర్తి తిన్నగా ఉండటం అసాధ్యం. ఎంతో కొంత వంగాల్సిందే. కరెంటు తీగలు స్తంభాల మధ్య వంగి ఉండటానికి ఇదొక కారణం. పని చేసినవాళ్ళ నిర్లక్ష్యం కాదు, కావాలనే అలా వదులుతారు.

ఇంటర్లో లామీ సిద్ధాంతం చదివినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఒక బిందువు దగ్గర మూడు బలాలు సమతాస్థితిలో ఉంటే, ఒక్కో బలానికీ మిగతా రెంటి మధ్య కోణం సైనుకీ నిష్పత్తి సమానం. 17వ శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు బెర్నార్డ్ లామీ పేరు మీద వచ్చింది. దండేనికి అది వేసినా ఇదే జవాబు వస్తుంది. ఇంటి దగ్గర చేసి చూడండి.

రెండో ఉదాహరణ: కావడి

దండెం దగ్గర బలాలన్నీ ఒకే బిందువులో కలిశాయి, కాబట్టి తిప్పుడు గొడవ రాలేదు. ఇప్పుడు కావడి చూద్దాం. కర్ర పొడవు 2 మీటర్లు. ముందు కుండ 12 కేజీలు, వెనక కుండ 8 కేజీలు. కర్ర బరువు ప్రస్తుతానికి వదిలేద్దాం. భుజం ఎక్కడ పెట్టాలి?

మొదటి షరతు ప్రకారం భుజం 20 కేజీలకి సరిపడా పైకి తోయాలి, అంటే 200 న్యూటన్లు. అది భుజం ఎక్కడ పెట్టినా మారదు. కానీ ఎక్కడ పెట్టాలో ఆ షరతు చెప్పలేదు. దానికి రెండో షరతు కావాలి.

తిప్పుడు అంటే బలం × దూరం. తలుపు తీసేటప్పుడు పిడి దగ్గర తోస్తే తేలిగ్గా తెరుచుకుంటుంది. బందు పక్కన తోస్తే చచ్చినా కదలదు. బలం అదే, దూరం తగ్గింది కాబట్టి తిప్పుడు తగ్గింది. దూరం అంటే ఇక్కడ ఒక షరతుంది. తిరిగే బిందువు నుంచి బలం పోయే గీతకి లంబంగా కొలిచిన దూరం. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నిచ్చెన దగ్గర కావాలి.

భుజం నుంచి ముందు కుండ దూరం ఎంతో తెలియదు, దాన్ని "దూరం" అనే అందాం. వెనక కుండ దూరం 2 నుంచి అది తీసేస్తే వచ్చేది. 12 × దూరం = 8 × (2 − దూరం). లెక్క చేస్తే దూరం 0.8 మీటర్లు. బరువు కుండ భుజానికి దగ్గరగా, తేలిక కుండ దూరంగా. సరిచూద్దాం. 12 × 0.8 = 9.6, 8 × 1.2 = 9.6. సరిపోయింది. కావడి మోసేవాళ్ళు ఈ లెక్క వేసుకోరు. భుజం మీద కర్రని నాలుగు వేళ్ళు ముందుకీ వెనక్కీ జరిపి చూస్తారు. వాళ్ళ భుజానికి వచ్చిన లెక్కనే, క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమెడిస్ తుల నియమంగా రుజువు చేశాడు.

ఇక నిచ్చెన

నాన్న పడిన మూడో రోజో నాలుగో రోజో, నేను టేపు పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. నిచ్చెన 5 మీటర్లు. నాపరాయి మీద నిచ్చెన కాలు మొదట ఉన్న చోటికీ గోడకీ మధ్య 3 మీటర్లు. గోడ మీద పైకొస ఆనిన మరక 4 మీటర్ల ఎత్తులో. మూడు, నాలుగు, ఐదు. పైథాగరస్‌కి పాఠ్యపుస్తకంలో ఇచ్చే త్రిభుజమే మా పెరట్లో ఉంది.

(బొమ్మ గీస్తూ) నిచ్చెనని ఒక్కదాన్నే బయటికి తీద్దాం. దాని మీద బలాలు ఏమిటి?

నిచ్చెన సొంత బరువు 15 కేజీలు, అంటే 150 న్యూటన్లు. అది మధ్యలో పనిచేస్తుంది. నాన్న బరువు 60 కేజీలు, అంటే 600 న్యూటన్లు. అది ఆయన నిలబడ్డ మెట్టు దగ్గర. నేల పైకి తోసేది, దాన్ని అభిలంబ బలం అంటారు. గోడ నిచ్చెనని అడ్డంగా బయటికి తోస్తుంది. నిచ్చెన కాలు గోడకి దూరంగా జారకుండా నేల దాన్ని గోడవైపుకి పట్టి ఉంచుతుంది, అది ఘర్షణ. గోడ దగ్గర కూడా కాస్త ఘర్షణ ఉంటుంది కానీ సున్నం తడి మీద దాన్ని నమ్ముకోలేం, సున్నా అనుకుందాం. మొత్తం ఐదు బలాలు.

మొదటి షరతు. నిలువుగా: నేల పైకి తోసేది = 150 + 600 = 750 న్యూటన్లు. అడ్డంగా: ఘర్షణ = గోడ తోపు. రెండూ ఎంతో తెలియదు, కానీ సమానం అని తెలిసింది.

రెండో షరతు. తిప్పుడు ఏ బిందువు చుట్టూ లెక్కపెట్టాలి? ఎక్కడ పెట్టినా జవాబు ఒకటే. కానీ తెలివిగా ఎంచుకుంటే పని తగ్గుతుంది. నిచ్చెన కాలు దగ్గర పెట్టుకుంటే, నేల తోపు, ఘర్షణ రెండూ ఆ బిందువు గుండానే పోతాయి. దూరం సున్నా, కాబట్టి తిప్పుడు సున్నా. రెండు బలాలు లెక్కలోంచి తప్పుకున్నాయి. తెలియని బలాలు ఎక్కువగా ఎక్కడ కలుస్తాయో ఆ బిందువు పట్టుకోవడమే ఇందులో కిటుకు.

గోడ తోపు అడ్డంగా ఉంది, 4 మీటర్ల ఎత్తులో. తిప్పుడు: గోడ తోపు × 4.

నిచ్చెన బరువు నిలువుగా ఉంది. దాని లంబ దూరం అంటే కాలు నుంచి అడ్డంగా కొలిచిన దూరం. సగం దగ్గర కాబట్టి 1.5 మీటర్లు. తిప్పుడు: 150 × 1.5 = 225.

నాన్న బరువు. నిచ్చెన వెంట 1 మీటరు ఎక్కితే అడ్డంగా 0.6 మీటరు లోపలికి వెళ్ళినట్టు, ఎందుకంటే 5కి 3 వంతు. కాబట్టి తిప్పుడు: 600 × 0.6 × ఎక్కిన పొడవు, అంటే 360 × ఎక్కిన పొడవు.

గోడ తోపు × 4 = 225 + 360 × ఎక్కిన పొడవు. నాలుగుతో భాగిస్తే, గోడ తోపు = 56 పైచిలుకు + 90 × ఎక్కిన పొడవు. ఘర్షణ కూడా ఇంతే ఉండాలి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఈ వాక్యంలోనే మొత్తం కథ ఉంది. నిచ్చెన జారకుండా ఉండటానికి కావలసిన ఘర్షణ, మనిషి పైకి వెళ్ళేకొద్దీ పెరుగుతోంది. మనిషి బరువు మారలేదు, నిచ్చెన మారలేదు, నేల మారలేదు. ఎక్కిన ప్రతి మీటరుకీ నేల ఇంకో 90 న్యూటన్లు పట్టాలి.

నేల ఎంత పట్టగలదు? ఘర్షణకి ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు, అభిలంబ బలాన్ని ఘర్షణ గుణకంతో గుణిస్తే వస్తుంది. నున్నటి నాపరాయికి 0.4 అనుకుందాం. 750 × 0.4 = 300 న్యూటన్లు. నేల దగ్గర ఉన్నది అంతే.

పిల్లలు చేసే రెండో పెద్ద తప్పు ఇక్కడే. ఘర్షణ ఎప్పుడూ 300 అని వేసేస్తారు. కాదు. 300 అనేది హద్దు మాత్రమే. ఎంత అవసరమో అంతే ఘర్షణ వస్తుంది, హద్దు దాకా. జేబులో 300 ఉందని టీ తాగినప్పుడల్లా 300 ఇవ్వం కదా.

ఇప్పుడు మెట్టు మెట్టుకీ లెక్క చూద్దాం. మెట్టుకీ మెట్టుకీ మధ్య 30 సెంటీమీటర్లు.

1వ మెట్టు: కావలసిన ఘర్షణ 83 న్యూటన్లు.
5వ మెట్టు: 191.
9వ మెట్టు: 299.
10వ మెట్టు: 326.

తొమ్మిదో మెట్టు దగ్గర ఒక్క న్యూటను మిగిలింది. పదో మెట్టు మీద కాలు పెట్టి బరువు మోపితే 26 న్యూటన్లు తక్కువ. అక్కడ నిచ్చెన కాలు జారుతుంది.

ఒకసారి సరిచూసుకుందాం, వేరే బిందువు పట్టుకుని. నిచ్చెన పైకొస చుట్టూ తిప్పుడు తీయండి. ఎక్కిన పొడవు 3 మీటర్లు, అంటే పదో మెట్టు. జారకుండా నిలవాలంటే ఘర్షణ 326.25 ఉండాలి అనుకుని చూద్దాం. నేల తోపు 750 × 3 = 2250. దానికి ఎదురుగా ఘర్షణ 326.25 × 4 = 1305, నిచ్చెన బరువు 150 × 1.5 = 225, మనిషి బరువు 600 × 1.2 = 720. ఈ మూడూ కలిపితే 2250. సరిపోయింది. పరీక్షలో రెండు నిమిషాలు మిగిలితే ఇలా సరిచూసుకోండి, తప్పు ఉంటే దొరికిపోతుంది.

ఐదో మెట్టు దగ్గర ఏం జరిగిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. నాన్న అక్కడ ఆగి ఊపి చూశారు. కావలసింది 191, నేల దగ్గర ఉన్నది 300. నిచ్చెన రాయిలా నిలబడింది. అది అబద్ధం చెప్పలేదు. కానీ అది చెప్పింది ఐదో మెట్టు గురించి. మేమిద్దరం అది మొత్తం నిచ్చెన గురించి చెప్పింది అనుకున్నాం. బయటి నుంచి చూస్తే 83 దగ్గర, 191 దగ్గర, 299 దగ్గర కూడా నిచ్చెన ఒకేలా కనిపిస్తుంది. కొంచెం కొంచెంగా వదులవుతూ ముందే హెచ్చరించదు.

ఇంకో సంగతి. జారడం మొదలైతే ఎందుకు ఆగదు? ఒకటి, జారేటప్పటి ఘర్షణ మామూలుగా నిలిచి ఉన్నప్పటి హద్దు కన్నా తక్కువ. రెండు, కాలు వెనక్కి జారేకొద్దీ నిచ్చెన ఇంకా వాలుతుంది, కావలసిన ఘర్షణ ఇంకా పెరుగుతుంది. ఇచ్చేది తగ్గుతోంది, అడిగేది పెరుగుతోంది. మనిషి పట్టు దొరకబుచ్చుకునే లోపే అయిపోతుంది.

మరి ఏం చేసి ఉండాల్సింది?

మొదటిది, నిచ్చెనని నిటారుగా పెట్టడం. ఎత్తు 4 వంతులు ఉంటే కాలు గోడకి 1 వంతు దూరంలో. కోణం సుమారు 75 డిగ్రీలు. నిచ్చెనలతో పనిచేసేవాళ్ళు చాలా దేశాల్లో పాటించే నియమం ఇది. మన 5 మీటర్ల నిచ్చెనకి కాలు గోడ నుంచి సుమారు 1.2 మీటర్లలో ఉండాలి. అప్పుడు మనిషి చిట్టచివర దాకా ఎక్కినా కావలసిన ఘర్షణ 169 న్యూటన్లే. హద్దు అదే 300. సగం పైచిలుకుతో సరిపోయింది. మేము మూడు మీటర్ల దూరంలో పెట్టాం. ఆ నీళ్ళ తొట్టి పక్కన ఉన్న కట్టెల మోపు జరపడానికి పది నిమిషాలు పట్టేది.

రెండోది, కింద మనిషి ఉండటం. ఈ లెక్క నేను చాలా ఏళ్ళు వేయలేదు. వేయడానికి ధైర్యం చాల్లేదు. ఒకరోజు క్లాసులో ఒక అమ్మాయి, "కింద పట్టుకోవడం వల్ల నిజంగా ఉపయోగం ఉంటుందా సార్, లేక ఊరికే ధైర్యానికా" అని అడిగితే, బోర్డు మీద వేయక తప్పలేదు.

అప్పుడు నా బరువు 50 కేజీలు. నేను మొదటి మెట్టు మీద నిలబడి ఉంటే నేల తోపు 750 నుంచి 1250 అయ్యేది. హద్దు 300 నుంచి 500 అయ్యేది. నా బరువు వల్ల కావలసిన ఘర్షణ కూడా పెరుగుతుంది, కానీ నేను కిందనే ఉన్నాను కాబట్టి పెరిగేది 22.5 న్యూటన్లే. అంటే పదో మెట్టు దగ్గర కావలసింది 349, ఉన్నది 500. పదిహేనో మెట్టు దగ్గర కావలసింది 484, అప్పటికీ ఉన్నది 500. నాన్న గోడ పైదాకా సున్నం వేసి దిగి వచ్చేవారు.

అంత కూడా అక్కర్లేదు. పదో మెట్టు దగ్గర తక్కువైంది 26 న్యూటన్లు. రెండున్నర కేజీల సంచీ ఎత్తే బలం. నిచ్చెన కాలుకి నా పాదం గట్టిగా అడ్డం పెట్టి ఉంటే సరిపోయేది.

ఆ లెక్క వేసి నేను బోర్డు వైపే కాసేపు చూస్తూ ఉండిపోయాను. పిల్లలకి కారణం తెలియదు. "ఉపయోగం ఉంటుందమ్మా" అని మాత్రం చెప్పాను.

ఈ లెక్క ఎక్కడిదాకా నమ్మాలి?

నిజాయితీగా ఇదీ చెప్పాలి. నేను 0.4 అనుకున్నాను. నాపరాయి మీద సున్నం నీళ్ళు చిందితే అది ఇంకా తగ్గుతుంది. మనిషి మెట్టు మార్చిన ప్రతిసారీ ఒక చిన్న కుదుపు ఉంటుంది, ఆ క్షణానికి బలాలు మన లెక్క కన్నా ఎక్కువవుతాయి. పక్కకి వంగి అందుకోబోతే అది ఇంకో తిప్పుడు, ఈ బొమ్మలోనే లేదు. కాబట్టి లెక్కలో ఒక్క న్యూటను మిగిలింది కదా అని తొమ్మిదో మెట్టు ఎక్కకండి. లెక్క చూపించేది హద్దు ఎటువైపు ఉందో. హద్దుకి ఎంత దూరంగా ఉండాలో మనమే చూసుకోవాలి. ఇంజనీర్లు ప్రతి లెక్కలోనూ కొంత అదనపు భద్రత కలుపుకునేది అందుకే.

మొత్తం ఒకసారి గుర్తుచేసుకుందాం. వస్తువుని ఒంటరిగా బొమ్మ వేయండి. దాని మీద పడే బలాలు మాత్రమే గీయండి. ఏటవాలు బలాన్ని అడ్డం, నిలువు ముక్కలు చేయండి. నిలువు మొత్తం సున్నా, అడ్డం మొత్తం సున్నా. తెలియని బలాలు కలిసే బిందువు పట్టుకుని తిప్పుడు సున్నా చేయండి. వేరే బిందువుతో సరిచూడండి. చివర్లో వచ్చిన ఘర్షణ, నేల ఇవ్వగలిగిన హద్దులోపల ఉందా లేదా చూడండి. ఈ చివరి మెట్టు చాలామంది మర్చిపోతారు.

ఇంటి పని ఒకటి ఇస్తాను. ఇదే నిచ్చెన, ఇదే నేల, ఇదే 60 కేజీల మనిషి. నిచ్చెన కాలు గోడ నుంచి 3 మీటర్లకి బదులు 2.5 మీటర్లలో పెడితే ఎన్నో మెట్టు దాకా ఎక్కొచ్చు? ఎత్తు పైథాగరస్‌తో తెలుసుకోండి. వచ్చే ఎపిసోడ్ మొదట్లో కలిసి చేద్దాం.

నాన్నకి ఇప్పుడు డెబ్భై దాటాయి. ఈ ఎపిసోడ్‌కి బొమ్మలు వేసుకుంటుంటే పక్కన కూర్చుని చూశారు. అంతా విని, "అయితే ఆ రోజు తొమ్మిదో మెట్టు దగ్గర ఆగాల్సింది అన్నమాట" అన్నారు. "కాదు నాన్నా, నేను కదలకుండా ఉండాల్సింది" అన్నాను. "ఆ కట్టెలు తీయనిది ఇద్దరమూ కదరా" అని లేచి వెళ్ళిపోయారు.

ఈసారి మీ ఇంట్లో ఎవరైనా నిచ్చెన ఎక్కుతుంటే, ముందు కాలు ఎక్కడ పెట్టారో చూడండి. వాళ్ళు దిగేదాకా కిందే ఉండండి. కుంచె తర్వాతైనా తెచ్చుకోవచ్చు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.